డైరీ మొదలుపెట్టి ఆపేసినవాళ్ల కోసం: పని, ఇల్లు, కలలు రోజూ ఎలా రాయాలి

"డైరీ రాయాలనుంది, ఎలా మొదలుపెట్టాలో చెప్పండి" అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది నిజానికి ఒకసారి మొదలుపెట్టి ఆపేసినవాళ్లే. జనవరి ఒకటిన గుండ్రటి చేతిరాతతో రెండు పేజీలు, రెండో తేదీన ఒక పేజీ, సంక్రాంతికి ఊరెళ్తూ పుస్తకం మర్చిపోవడం, తిరిగొచ్చాక వరసగా ఖాళీ పేజీలు చూసి సిగ్గేసి బీరువాలో చీరల కింద పెట్టేయడం. నాకూ నాలుగుసార్లు ఇలాగే అయింది, అందుకే ఇంత కచ్చితంగా చెప్తున్నాను.

ఐదోసారి నిలబడటానికి కారణం మా నాన్నగారి కిరాణా కొట్టు. ఆయన ఎప్పుడూ డైరీ రాయలేదు, చిట్టా రాశారు. కొట్టు లెక్కలు తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఆ రోజు అమ్మింది, కొన్నది, ఇచ్చింది, పుచ్చుకుంది జరిగిన వరసలోనే గబగబా రాసేది చిట్టా, తర్వాత తీరిగ్గా కూర్చుని ఎవరి పద్దు వాళ్ల ఖాతాలోకి ఎక్కించేది ఆవర్జా. ఆయన పోయాక ఆ పాత చిట్టాలు తిరగేస్తుంటే అంకెల పక్కన ఇరికించి రాసిన ముక్కలు కనిపించాయి. "వాన. బేరం లేదు." "పాపకి జ్వరం. మధ్యాహ్నమే కొట్టు కట్టేశాను." ఆ పాప నేనే. ఆయన "ఈరోజు మనసు ఆందోళనగా ఉంది" అని రాసుంటే నాకు ఏమీ తెలిసేది కాదు. పండగ ముందు సరుకుల సీజన్‌లో మధ్యాహ్నమే కొట్టు కట్టేశారంటే తెలిసింది.

నేను చెప్పే పద్ధతంతా ఇదే. ముందు పద్దు, తర్వాత మనసు. సాహిత్యం రాయాలని కూర్చుంటే మూడో రోజుకే ఆగిపోతుంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడుగునా రాసుకున్నదీ ఇలాంటిదే, ఏ ఊళ్లో దిగాం, నీళ్లు ఎలా ఉన్నాయి, దారి ఎలా ఉంది, ఏం దొరుకుతుంది అని. 1838లో అది అచ్చయింది, ఇవాళ్టికీ చదువుతున్నాం.

కావలసినవి

- రూళ్లున్న 200 పేజీల మామూలు నోట్‌బుక్ ఒకటి. తేదీలు అచ్చేసిన డైరీ వద్దు. బ్యాంకు వాళ్లో, ఇన్సూరెన్స్ ఏజెంటో ఇచ్చిన ఆ డైరీలో రాయని రోజు ఖాళీగా కనిపించి వెక్కిరిస్తుంది, రాయాల్సింది ఎక్కువున్న రోజు చోటు చాలదు. పాల లెక్కలకీ కిరాణా లిస్టుకీ వాడుకోండి.
- బాల్ పెన్. జెల్ పెన్ అందంగానే ఉంటుంది, కానీ వాటిల్లో చాలావరకు ఒక్క నీటి చుక్కకే అలికిపోతాయి. నా 2014 పుస్తకంలో ఒక నెల మొత్తం నీలి మరక.
- దిండు పక్కన పెట్టుకోవడానికి అరచేతి సైజు చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిల్. కలల కోసం. పెన్సిల్ ఎందుకంటే పడుకుని రాస్తే బాల్ పెన్ మొండికేస్తుంది.
- రాత్రి 10 నిమిషాలు, పొద్దున 3 నిమిషాలు. మొదటి నెల అంతకంటే ఎక్కువ కేటాయించకండి, ఉత్సాహం ఎంతున్నా సరే.
- పుస్తకం పెట్టుకోవడానికి ఒక చోటు. దీని గురించి కింద విడిగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది ఇదే.

ఫోన్‌లో రాయొచ్చా? రాయొచ్చు. చేతిరాత అలవాటు పోయినవాళ్లకి, బస్సులో మెట్రోలో రెండు గంటలు తిరిగేవాళ్లకి అదే మేలు. తెలుగు టైపింగ్ విసుగనిపిస్తే జీబోర్డ్ (గూగుల్ వాళ్ల కీబోర్డ్ యాప్)లో మైకు నొక్కి తెలుగులో చెప్పండి, తప్పులు పడతాయి గానీ మీకు అర్థమైతే చాలు. ఒక్క హెచ్చరిక, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు. అందులో ఉన్నది మీది కాదు, కంపెనీది. ఉద్యోగం మానేసిన రోజు ల్యాప్‌టాప్‌తో పాటు మీ డైరీ కూడా అప్పగించాల్సొస్తుంది.

1. రాసే టైమును పాత అలవాటుకి ముడేయండి

"రోజూ రాత్రి పదింటికి రాస్తాను" అనుకుంటే కుదరదు. పదింటికి ఒకరోజు చుట్టాలుంటారు, ఒకరోజు మ్యాచ్ ఉంటుంది. గడియారానికి కాకుండా, ఎలాగూ తప్పని పనికి ముడేయండి. నాకు రాత్రి పాలు తోడేసి గిన్నె మీద మూత పెట్టడం. అది అవ్వగానే వంటింటి గట్టు మీదే నిలబడి రాసేస్తాను. మీకు గేటు తాళం వేయడం కావచ్చు, పిల్లల్ని పడుకోబెట్టడం కావచ్చు, రాత్రి మాత్ర వేసుకోవడం కావచ్చు.

నైట్ షిఫ్టులు చేసేవాళ్లు, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇంటివాళ్లతో వేరే టైమింగుల్లో మాట్లాడేవాళ్లు తేదీ దగ్గర తికమకపడతారు. ఒక్కటే రూలు పెట్టుకోండి, మీరు పడుకున్నప్పుడే మీ రోజు ముగిసింది. తెల్లవారి ఆరింటికి ఇంటికొచ్చి రాసినా అది నిన్నటి పేజీయే.

2. పైన ఒక లైను: తేదీ, వారం, టైము, ఊరు, నిద్ర

"12, బుధవారం, రాత్రి 10:15, ఇల్లు. నిన్న నిద్ర 5 గంటలు." ఇంతే. నిద్ర గంటలు రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది, నెల తర్వాత చూస్తే అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే. తిథి రాసుకునే అలవాటుంటే రాసుకోండి, వానో ఎండో కూడా. సంవత్సరం మాత్రం ప్రతి పేజీ మీదా ఉండాలి. నా మొదటి పుస్తకంలో లేదు, ఏ ఏడాదిదో తెలుసుకోవడానికి గ్యాస్ బండ ధర చూసి లెక్కేసుకోవాల్సొచ్చింది.

3. పని: మూడు లైన్లు

ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, ఎవరు ఏమన్నారు. ఈ మూడే. నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, నా పేజీ ఒకటి ఇలా ఉంటుంది:

"పని: జీఎస్టీ రిటర్నుకి మూడు బిల్లులు ఇంకా రాలేదు. సేల్స్ అబ్బాయికి రెండోసారి ఫోన్ చేశాను. 'రేపు పొద్దున్నే పంపిస్తా మేడమ్' అన్నాడు. పోయిన నెలా ఇదే మాట. 7:20కి బయటపడ్డాను."

ఇక్కడ "చాలా టెన్షన్‌గా ఉంది" అని రాయలేదు చూడండి. రాయకూడదని కాదు. 7:20కి బయటపడ్డాను అని రాస్తే టెన్షన్ అందులోనే ఉంటుంది, పైగా ఆర్నెల్ల తర్వాత అప్రైజల్‌లో "బిల్లులు ఆలస్యం చేసింది నేను కాదు" అని చెప్పడానికి తేదీలతో సహా ఉంటుంది.

"నేను ఇంట్లోనే ఉంటానండీ, పని అనే దగ్గర ఏం రాయాలి?" ఇది నాకు చాలాసార్లు ఎదురైన ప్రశ్న. ఇంటి పని పనే. "ఆవకాయకి కాయలు ముక్కలు కొట్టించాను, 25 కాయలు. ఆవపిండి పోయినేడాది కంటే తక్కువ వేశాను. పనమ్మాయి రాలేదు, మూడో రోజు." వచ్చే ఏడాది ఆవకాయ పెట్టేటప్పుడు ఈ పేజీ వెతుక్కోకపోతే నన్ను అడగండి. వ్యవసాయం చేసేవాళ్లయితే ఏ రోజు నాటు వేశారు, ఏ మందు ఎన్ని ట్యాంకులు కొట్టారు, కూలీ ఎంత అయింది, వాన ఎప్పుడు పడింది, ఇవన్నీ పనే. చదువుకునే పిల్లలయితే ఏ చాప్టరు, ఎన్ని లెక్కలు, ఎక్కడ ఆగిపోయారు.

రాయకూడనివి: పాస్‌వర్డ్‌లు, ఓటీపీ, బ్యాంకు వివరాలు, కంపెనీ బయటపెట్టని అంకెలు, కస్టమర్ల పేర్లు. పుస్తకం పోతే మీ రహస్యాలు పోయినా మీకే నష్టం, వాళ్లవి పోతే ఉద్యోగానికే ఎసరు.

4. ఇల్లు: ఒక్క సంఘటన, ఒక్క మాట

ఇంట్లో ఆ రోజు జరిగిందంతా రాయొద్దు. ఒక్కటి ఎంచుకోండి, అందులో ఎవరో ఒకరు అన్న మాట అన్నది అన్నట్టుగా రాయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే నా పాత పుస్తకంలోది ఒకటి, ఇప్పటిది ఒకటి చూపిస్తాను.

పాతది: "ఈరోజు కూడా ఆయనతో గొడవ. ఎప్పుడూ ఇంతే. నన్ను ఎవరూ అర్థం చేసుకోరు."

ఇప్పటిది: "8:40. నేను వచ్చేసరికి ఆయన అన్నం వండి పెట్టారు, కూర లేదు. 'ఏం చేయాలో ఫోన్ చేసి అడగొచ్చుగా' అన్నాను. 'చేశాను, ఎత్తలేదు' అన్నారు. చూస్తే రెండు మిస్డ్ కాల్స్. అప్పటికే నోరు జారింది. గోంగూర పచ్చడేసుకుని తిన్నాం, మాటల్లేవు."

మొదటిది ఇవాళ చదివితే ఏ గొడవో గుర్తే లేదు. రెండోది చదివితే మూకుడు ఎక్కడుందో కూడా కనిపిస్తుంది, తప్పు ఎవరిదో కూడా. రాసేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఎప్పుడూ, ఎవరూ, ప్రతిసారీ, ఏనాడూ అనే మాటలు పడితే అక్కడ ఆగి, ఈసారి ఏం జరిగిందో రాయండి. ఆ మాటలు కొట్టేయాల్సిన పని లేదు, వాటి కింద అసలు జరిగింది ఉంటే చాలు.

గొడవైన రాత్రి చేతులు వణుకుతుంటే రాయకండి. రెండు లైన్లు పద్దు వేసి పడుకోండి, మిగతాది మర్నాడు.

చిన్నపిల్లలున్న ఇంట్లో వాళ్ల మాటలు రాయండి, పక్కన వయసు వేయండి. మా చిన్నోడు మూడేళ్లప్పుడు మసాలా దోసె విప్పి చూసి "దీనికి పొట్టలో బంగాళాదుంప ఉంది" అన్నాడు. వాడికి ఇప్పుడు మీసాలొస్తున్నాయి, ఆ పేజీ చూపిస్తే సిగ్గుపడతాడు. పెద్దవాళ్లున్న ఇంట్లో అయితే బీపీ, షుగర్ చూసిన రోజు అంకెలు, ఏ మాత్ర మార్చారు, మోకాలి నొప్పి ఎప్పుడు మొదలైంది అన్నవి రాయండి. డాక్టరు "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగితే మనవాళ్లు "చాలా రోజుల్నుంచి" అంటారు. మా అత్తయ్యగారి విషయంలో నేను తేదీ చెప్తే డాక్టరుగారు తలెత్తి చూశారు.

5. కలలు: పొద్దున్నే, కదలకుండా

"నాకు కలలే రావండీ" అంటారు చాలామంది. వస్తాయి, గుర్తుండవు. నిద్ర దాదాపు 90 నిమిషాల విడతలుగా సాగుతుంది, ఒక్కో విడతలో రెప్పల కింద కళ్లు వేగంగా కదిలే దశ ఒకటుంటుంది. 1953లో షికాగోలో ఏసరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు నిద్ర పరిశోధకులు దీన్ని ప్రపంచానికి చూపించారు. గట్టిగా గుర్తుండే కలలు ఎక్కువగా ఈ దశలోవే, రాత్రి గడిచేకొద్దీ ఇది పొడుగవుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన అమ్మమ్మలు అనేది ఎందుకో నాకు దీనితో కొంత అర్థమైంది. నిజమవడం సంగతి ఏమో గానీ, గుర్తుండేది ఆ కలే.

పద్ధతి ఇది:

పడుకునే ముందు చిన్న పుస్తకంలో రేపటి తేదీ వేసి పెట్టండి. మెలకువ రాగానే కదలొద్దు, అటు తిరిగి ఉంటే అటే ఉండండి, కళ్లు తెరవొద్దు. చివర ఏం చూశారో అది పట్టుకోండి, అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లండి. "దానికి ముందు ఎక్కడున్నాను?" అని అడుక్కుంటూ పోవాలి. నాలుగు ముక్కలు దొరకగానే పెన్సిల్ అందుకుని పొడి మాటలు రాసేయండి, వాక్యాలు అక్కర్లేదు. ఫోన్ తీశారా, అయిపోయింది. నోటిఫికేషన్ ఒక్కటి చూస్తే కల ఆవిరి. అందుకే అలారం ఫోన్‌లో కాకుండా విడి గడియారంలో పెట్టుకోమంటాను. అది కుదరకపోతే ఫోన్ బోర్లా పెట్టి, మంచానికి దగ్గరగానే ఉంచండి, లేచి నడవాల్సిన అవసరం లేకుండా.

కాఫీ తాగాక ఆ ముక్కల్ని పెద్ద పుస్తకంలోకి ఎక్కించండి, ఒక పేరు పెట్టి. పేరు పెడితే తర్వాత వెతకడం తేలిక. నాది ఒకటి:

"ఖాళీ పరీక్ష హాలు. మా పాత హైస్కూలు. హాల్ టికెట్ ఉంది, కాళ్లకి చెప్పులు లేవు. ప్రశ్నపత్రం నిండా బిల్లులే. పక్క బెంచీలో చిన్నత్త గోరింటాకు పెట్టుకుంటోంది, నా వైపు చూడదు. లేచేసరికి దవడ నొప్పి. నిన్నటి ముక్క: సాయంత్రం పెద్దాడి హాల్ టికెట్ ప్రింట్ తీయించాం."

ఆ చివరి లైను తప్పకుండా రాయండి. కలలో నిన్నటిది ఏదో ఒకటి దూరుతుంది, చాలాసార్లు పనికిమాలినదే. అది దొరికితే సగం భయం పోతుంది.

కల గుర్తులేని రోజు "గుర్తులేదు" అని రాసి, లేవగానే మనసెలా ఉందో ఒక్క మాట వేయండి: బరువుగా, హాయిగా, కంగారుగా. వారం పాటు "గుర్తులేదు" అనే రాయాల్సొచ్చినా మానొద్దు. నాకు మొదటి కల దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది.

హెచ్చరికలు కొన్ని. పంచాంగంలో స్వప్న ఫలాలు ఉంటాయి, పాము కనిపిస్తే ఇది, పళ్లు ఊడితే అది అని. సరదాకి చూసుకోండి, కానీ డైరీలో ఫలం రాయకండి. ఫలం రాయడం మొదలుపెడితే ఆ ఫలానికి తగ్గట్టు కల గుర్తుకు రావడం మొదలవుతుంది. కలలో ఆడపడుచు తిట్టిందని పగలు ఆవిడతో ముభావంగా ఉన్నవాళ్లు నాకు తెలుసు, దయచేసి అలా చేయొద్దు. ఏదైనా కొత్త మాత్ర మొదలుపెట్టాక కలలు బాగా మారితే (కొన్ని బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు వేసుకున్నప్పుడు ఇలా అవుతుంది) ఆ తేదీ రాసుకుని డాక్టరుకి చెప్పండి, మాత్ర మీరే ఆపేయకండి. నిద్రలో కాళ్లూ చేతులూ విసిరి పక్కవాళ్లని కొట్టేంతగా కలలు వస్తుంటే, ఒకే పీడకల మళ్లీ మళ్లీ వచ్చి నిద్రంటేనే భయమేస్తుంటే అది డైరీతో తీరేది కాదు, డాక్టరుకి చూపించుకోవాలి.

ఇక మెలకువతో కనే కలలు, అంటే ఇల్లు కట్టాలి, వీణ నేర్చుకోవాలి, అప్పు తీరాలి లాంటివి. వీటిని రోజువారీ పేజీలో కలపకండి. పుస్తకం తిరగేసి వెనక వైపు నుంచి రాయండి. తేదీ, కోరిక, దానికోసం ఈ నెల చేయగల చిన్న పని ఒక్కటి. నెలకొకసారి చూస్తే చాలు. రోజూ చూస్తే దిగులు.

6. రాయని రోజులు: బాకీ తీర్చొద్దు

ఇది పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాల్సిన మాట. నాలుగు రోజులు రాయలేదా, ఆ నాలుగు రోజులవీ గుర్తుచేసుకుని రాయడానికి కూర్చోకండి. డైరీని చంపేది ఆ బాకీయే. "15 నుంచి 18 వరకు రాయలేదు, ఊళ్లో పెళ్లి" అని ఒక లైను వేసి, ఇవాళ్టిది రాయండి. నిన్నటిది ఒక్కటే వెనక్కి వెళ్లి రాయొచ్చు, అంతకు మించి వద్దు.

ఓపిక అసలు లేని రోజుకి ఒక్క లైను చాలు. "అలిసిపోయాను. ఉప్మా. పడుకుంటున్నా." అదీ లెక్కలోకే వస్తుంది.

7. ఆదివారం ఆవర్జా

చిట్టా రాసి వదిలేస్తే కొట్టు నడవదు, ఎక్కించాలి కదా. ఆదివారం 15 నిమిషాలు ఆ వారం పేజీలు చదవండి. పేజీలకు నంబర్లు వేయండి. పుస్తకం మొదట్లో రెండు పేజీలు ఖాళీగా వదిలేసి ఉంచుకుంటే (మొదటి రోజే వదలాలి, మర్చిపోకండి) అక్కడ విషయసూచిక రాయొచ్చు: "ఆవకాయ – 41. అత్తయ్య మోకాలు – 12, 30, 44. పరీక్ష హాలు కల – 9, 38, 66."

మూడిటినీ ఒకే పుస్తకంలో ఎందుకు రాయమంటున్నానో నాకు ఇక్కడే తెలిసింది. ఆఫీసుకొకటి, కలలకొకటి విడివిడిగా పెడితే నీట్‌గా ఉంటుంది నిజమే. కానీ ఐదు నెలల పేజీలు తిరగేస్తుంటే పరీక్ష హాలు కలలు, ఇంట్లో గొడవలు, ఐదు గంటల నిద్ర, అన్నీ ప్రతి నెలా 17కీ 20కీ మధ్యే పడ్డాయి. 20న మాకు రిటర్ను గడువు. నేను అప్పటిదాకా మా ఆయన మనిషే మారిపోయారనుకుంటున్నాను. ఆ పేజీలు ఆయనకి చూపించాను, ఆయన నవ్వి "అయితే ఆ నాలుగు రోజులు కూర నేనే చేస్తా, అడగను" అన్నారు. చేస్తున్నారు, ఉప్పు ఎక్కువే గానీ. విడి పుస్తకాల్లో రాసుంటే ఇది దొరికేది కాదు.

మూడుసార్లకు మించి కనిపించిన విషయం కింద గీత గీయండి. అంతకంటే విశ్లేషణ వద్దు.

8. ఎవరైనా చదివేస్తారేమో అనే భయం

ఉమ్మడి కుటుంబంలో, హాస్టల్లో, రెండు గదుల ఇంట్లో ఇది నిజమైన సమస్య. "నీ మీద నమ్మకం ఉంచుకో" లాంటి సలహాలు నేనివ్వను. కొన్ని చిట్కాలు ఉన్నాయి. అట్ట మీద "డైరీ" అని రాయకండి. నా పుస్తకం మీద "కరెంటు బిల్లులు" అని ఉంటుంది, ఇన్నేళ్లలో దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. పేర్లకి బదులు మీకు మాత్రమే తెలిసిన గుర్తులు వాడండి. పూర్తిగా బయటపడితే ప్రమాదమనిపించే విషయమైతే కాగితం మీద అసలు రాయకండి, తాళం ఉన్న యాప్‌లో రాయండి, లేదా విడి కాగితం మీద రాసి చించేయండి. చించేసినా రాసినట్టే. ఇంట్లో కొట్టేవాళ్లు, బెదిరించేవాళ్లు ఉన్నవాళ్లకి ఈ మాట మరీ మరీ చెప్తున్నాను.

వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకునే పద్ధతి తేలికే, కానీ ఫోన్ పిల్లల చేతికి, చెల్లి చేతికి వెళ్లే ఇంట్లో అది డైరీ కాదు, నోటీసు బోర్డు.

ఇంకో శత్రువు చెదలు. నిండిన పుస్తకాలు నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి. మా ఇంట్లో 2011 పుస్తకాన్ని సగం తినేశాయి, కలల భాగమే తినడం నాకు ఇప్పటికీ అర్థం కాని విషయం. ముఖ్యమైన పేజీలు ఫోన్‌తో ఫోటో తీసి ఒక ఫోల్డర్లో వేసుకోండి.

తరచుగా చేసే తప్పులు

ఎవరో చదువుతారన్నట్టు రాయడం. "ప్రియమైన డైరీ" అని మొదలెట్టామంటే వెంటనే అబద్ధాలు మొదలవుతాయి. వాట్సాప్ స్టేటస్‌లో చూసిన సూక్తి పేజీ పైన రాయడం, దానికే ఐదు నిమిషాలు పోతాయి. రంగు పెన్నులు, స్టిక్కర్లు కొనడం, అవి లేని రోజు రాయలేకపోవడం. ఏ భాషలో రాయాలని తర్జనభర్జన పడటం: మీరు కోపమొస్తే ఏ భాషలో తిడతారో ఆ భాషలో రాయండి, సగం ఇంగ్లీషు దొర్లినా సరే, అక్షరదోషాలు వచ్చినా సరే, మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు. మనసులో ఉన్నదే గంటసేపు తిప్పి తిప్పి రాయడం కూడా తప్పే, 10 నిమిషాలకి టైమర్ పెట్టుకుని మోగగానే వాక్యం మధ్యలోనైనా ఆపేయండి. సగంలో ఆగిన వాక్యం రేపు మిమ్మల్ని పిలుస్తుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

నెల అయ్యాక ఏదో ఒక పేజీ తీయండి, తేదీని వేలితో మూయండి. అది ఏ రోజో చెప్పగలిగితే పాసయినట్టు. "బాగానే గడిచింది" అని ఉండి ఏ రోజైనా కావచ్చనిపిస్తే 3, 4 స్టెప్పులు మళ్లీ చూడండి.

ప్రతి పేజీలో ఒక మనిషి, ఒక అంకె, ఒకరు అన్న మాట ఉన్నాయా? మూడూ ఉండాలని కాదు, రెండుంటే చాలు.

కలలు మొదటివారం సున్నా అయినా మూడో వారానికి రెండు మూడు పడుతుండాలి, నా అనుభవంలోనూ నేను నేర్పినవాళ్లలోనూ ఇంచుమించు ఇలాగే ఉంది. పడకపోతే ముందు నిద్ర గంటలు చూడండి. ఐదు గంటలు పడుకుని అలారంతో లేచేవాళ్లకి తెల్లవారుజాము కలల భాగమే దక్కదు. ఆదివారం అలారం లేకుండా ప్రయత్నించండి.

రాశాక మనసు తేలికపడిందా, బరువెక్కిందా? అమెరికాలో పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1980ల్లో విద్యార్థులతో రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు బాధాకరమైన సంగతులు రాయించాడు. రాసిన వెంటనే వాళ్లకి దిగులుగానే అనిపించింది, ఆ తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. కాబట్టి రాసిన అరగంట బరువుగా ఉంటే కంగారు పడొద్దు. కానీ రెండు వారాలుగా రాసిన ప్రతిసారీ ఇంకా కిందకి జారుతున్నట్టుంటే రాయడం ఆపి మనిషితో మాట్లాడండి. చచ్చిపోవాలనే మాట పేజీలో పడితే ఆ రోజే. మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇంకో చిన్న పరీక్ష: ఇంట్లో ఎవరైనా "గ్యాస్ ఎప్పుడు మార్చాం?", "ఆ ప్లంబరు ఎప్పుడొచ్చాడు?" అన్నప్పుడు మీరు లేచి పుస్తకం తెస్తున్నారంటే ఇక అది ఆగదు.

చివరగా ఒక సంగతి. పుస్తకం ఇంకో పది పేజీలుండగానే కొత్తది కొని పక్కన పెట్టుకోండి. నేను ఒకసారి అదే రకం పుస్తకం దొరికేదాకా ఆగుదామని షాపుల చుట్టూ తిరిగి 40 రోజులు పోగొట్టుకున్నాను. ఆ 40 రోజుల్లోనే మా చిన్నోడికి సైకిల్ తొక్కడం వచ్చింది, ఏ రోజు వచ్చిందో ఇప్పుడు ఇంట్లో తలొక మాట చెప్తారు.